గచ్చుపూత క్రింది తుప్పు

ధ్యాన భాగములు: యెహెజ్కేలు 13:10–15, సామెతలు 20:14, 2 రాజులు 12:4–15



ఈ నెల మీకొక పాత బండి సంగతి చెప్పబోవుచున్నాను. పాత బండికిని దేవుని వాక్యమునకును ఏమి పొత్తు అని మీరు అడుగవచ్చును. యిర్మీయా కుమ్మరి సారె యొద్ద నిలిచి నేర్చుకొనెను. యెహెజ్కేలు గోడను చూపి జనులను హెచ్చరించెను. మన ప్రభువు విత్తనములను, వలను, పులిసిన పిండిని చూపి పరలోకరాజ్యమును వివరించెను. నేడు మన పల్లెలలో ఎడ్లబండ్లు తక్కువై పికప్ బండ్లు ఎక్కువైనవి. కనుక దానినే చూచి నేర్చుకొందము. ఈ సంగతిలో నా తప్పిదము కూడ ఉన్నది. దానిని దాచిపెట్టి మీకు బోధించుట నాకు తగదు.

మా సంఘమువారు శ్రీశైలము పోవు రహదారి ప్రక్కనున్న పల్లెలలో కాపురముండు కూరగాయల రైతులు, కూలీలు. టమాట, బెండ, దొండ, ఆకుకూరలు తెల్లవారక ముందే కోసి, తుక్కుగూడ, పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్టల మీదుగా మాదన్నపేట మార్కెట్టుకును, మీర్ ఆలం మండికిని చేర్చవలెను. అద్దె బండివాడు అడిగినంత ఇయ్యవలెను. వాడు ఆలస్యముగా వచ్చిన దినమున ఆకుకూర వాడిపోయి సగము ధరకు పోవును. కోతకాల పండుగ కానుకలును, సంఘ స్త్రీలు దినదినము ప్రక్కన పెట్టిన పిడికెడు బియ్యము అమ్మిన డబ్బును, అయిదుగురు రైతులు తెచ్చిన అప్పును కలిపి ఒక పాత పికప్ కొందమని పెద్దలు తీర్మానించిరి. బేరము చూచి కొనుటకు నన్నును మరి యిద్దరు పెద్దలను పంపిరి.

బండి కంటికి ఎంతో బాగుండెను. తెల్లని రంగు తళతళలాడుచుండెను. సీట్లకు క్రొత్త కవర్లు వేసియుండిరి. తాళము త్రిప్పగానే ఇంజిను లేచెను. మాలో ఒక పెద్ద, “అయ్యగారూ, ఒక మెకానిక్కును పిలిచి చూపిద్దాము” అనెను. నేనే తొందరపడితిని. “అతడు మంచి మాటకారి, మనల నెందుకు మోసము చేయును?” అంటిని. నిజము చెప్పవలెనంటే, మెకానిక్కుకు ఇయ్యవలసిన 500 రూపాయలు మిగుల్చుకొందమని అనుకొంటిని. 1,90,000 రూపాయలు లెక్కబెట్టి ఇచ్చివేసి, బండికి పూలదండ వేసి, ప్రార్థన చేసి ఇంటికి తెచ్చితిమి.

నలువది దినములు నడిచినది. ఒక తెల్లవారుజామున టమాట పెట్టెల బరువుతో చాంద్రాయణగుట్ట దగ్గర ఎత్తెక్కుచుండగా నీలిపొగ క్రమ్మి, ఇంజిను బిగిసి ఆగిపోయెను. పెట్టెలను ఆటోలలో ఎక్కించి పంపి, బండిని మోకులతో లాగించి అక్కడి ఒక షెడ్డుకు చేర్చితిమి. పాతబస్తీ షెడ్లలో పెద్ద మేస్త్రీని ఉస్తాద్ అందురు. ఈ ఉస్తాద్ ముసల్మాను, తల నెరసినవాడు. నన్ను చూచి, “ఫాదర్ సాబ్, మీరు రంగు చూసి కొన్నరు. నేను రంగు కింద చూస్త” అనెను.

ఆయన జేబులోనుండి చిన్న అయస్కాంతము తీసి బండి ప్రక్కలకు తాకించెను. కొన్ని చోట్ల అది పట్టుకొనెను. కొన్ని చోట్ల జారి పడెను. జారిన చోటనెల్ల ఇనుము లేదు, లప్పమే యున్నది. స్క్రూడ్రైవరుతో పొడిచిన పొరలు పొరలుగా రాలెను. బండి క్రింద దూరి చాసిస్ చూచెను. ఒక మూల తుప్పు తినివేసిన భాగమునకు లప్పము దట్టించి నల్లరంగు పూసియుండిరి. ఇంజిను విప్పగా రింగులు అరిగి, బోరు గీతలుపడి యుండెను. నూనె డబ్బాలోనిది మామూలు నూనె కాదు, చిక్కని నూనె. అరిగిన ఇంజినులో చిక్కని నూనె పోసినచో కొన్నాళ్లు పొగ కనబడదు. కొనువారు రాకముందే ఇంజినును వేడిచేసి యుంచినయెడల చల్లని ఇంజిను లేవలేకపోవుట బయటపడదు. అవన్నియు మాకు చేసిన పనులే.

ప్రియులారా, యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయము చదివి చూడుడి. జనులు బలహీనమైన గోడ కట్టుకొనగా, అబద్ధ ప్రవక్తలు దానిని బాగుచేయుటకు బదులు పైని గచ్చు పూసిరి. సమాధానము లేనప్పుడు సమాధానమని పలికిరి. వాన కురిసినప్పుడు, వడగండ్లు పడినప్పుడు ఆ గోడ పునాదితోకూడ బయలుపడునని దేవుడు సెలవిచ్చెను. గచ్చుపూతకు శత్రువు మనుష్యుడు కాడు, వాన. లప్పము పెట్టిన తుప్పు సంగతియు అంతే. ఇనుము, నీరు, గాలి మూడును కలిసినచోట తుప్పు పుట్టును. దానిమీద లప్పము కప్పినయెడల అది చావదు. లోపలి తేమను పట్టుకొని, కంటికి కనబడకుండ ఇంకను వేగముగా తినును. మనుష్యుడు పై రూపమును చూచుననియు, యెహోవా హృదయమును చూచుననియు సమూయేలుకు తెలుపబడిన మాట (1 సమూయేలు 16:7) ఆ దినమున షెడ్డులో నాకు గ్రుచ్చుకొన్నది. పై రూపము చూచి కొన్నవాడను నేనే.

అయితే నా శోధన అక్కడ ముగియలేదు, అక్కడనే మొదలైనది.

ఉస్తాద్ లెక్క వేసి చెప్పెను. ఇంజిను బోరింగు చేయించి క్రొత్త పిస్టన్లు, రింగులు వేయవలెను. చాసిస్‌లో కుళ్లిన ముక్కను కోసి క్రొత్త పట్టీ వెల్డింగు చేయవలెను. కమాను పట్టీలు రెండు మార్చవలెను. బ్రేకులు పూర్తిగా చేయవలెను. మొత్తము 82,000 రూపాయలు. సంఘ పెట్టెలో 11,000 ఉన్నవి. మేము తలలు వంచుకొని ఊరికి వచ్చితిమి.

ఆ వారమే మరియొక ఊరి యువకుడు బండి కొరకు వెదకుచు మా పెద్దలలో ఒకని యొద్దకు వచ్చెను. పెండ్లియై యొక సంవత్సరమైనవాడు. నీళ్ల డబ్బాలు వేయుటకు బండి కావలెనట. బండి ఫోటో చూచి 2,10,000 ఇచ్చెదననెను. మా కమిటీ కూడినది. ఒకరు అనిరి: “మరియొక షెడ్డులో 12,000 పెట్టి రింగులు మాత్రము వేయించి, మళ్లీ లప్పము పెట్టించి ఇచ్చివేయుదము. మనలను ఒకడు మోసగించెను. మనము పోగొట్టుకొన్నది మనము రాబట్టుకొందుము. ఇది విధవరాండ్ర బియ్యపు డబ్బు, అయ్యగారూ. దీనిని పోనిచ్చుట మాత్రము పాపము కాదా?”

నేను వెంటనే కాదనలేదు. ఇది మీ యెదుట ఒప్పుకొనుచున్నాను. ఆ మాట నాకు నచ్చినది. నా తొందరపాటు సంఘమునకు తెలియకుండ పోవును. డబ్బు తిరిగివచ్చును. ఎవరును నన్ను వ్రేలు చూపరు. “ఆలోచించెదము” అని చెప్పి లేచితిని. సామెతల గ్రంథములో కొనువాడు సరుకును తృణీకరించి మాటలాడి, కొని వెళ్లిన తరువాత తన బేరమును గూర్చి అతిశయించునని యున్నది (20:14). కొనువాని నాలుకకు రెండు ముఖములున్నట్లే అమ్మువాని నాలుకకును రెండు ముఖములుండును. ఆ రాత్రి నా నాలుక రెండవ ముఖమును వెదకుచుండెను.

మరునాడు మా సంఘములోని ఒక అవ్వ ఇంటికి ప్రార్థనకు వెళ్లితిని. పిడికెడు బియ్యము ఎన్నడును తప్పని అవ్వ ఆమె. ఆమెకు సంగతి అప్పటికే తెలిసియుండెను. పల్లెలో ఏది దాగును? ఆమె నన్ను కూర్చుండబెట్టి నీళ్లిచ్చి, “అయ్యగారూ, నా బియ్యం పోతె పోయినయి. నేను మల్ల తీసిపెడ్త. ఆ పిలగాడు గూడ ఎవ్వలో తల్లికి కొడుకే గద. నా బియ్యం పైసలు ఆయన మీద ఎక్కిచ్చి తీస్కుంటవా?” అనెను.

సహోదరులారా, నేను ఎన్నో ప్రసంగములు చేసితిని. ఆ అవ్వ చేసినంత పొట్టి ప్రసంగము నేనెన్నడును చేయలేదు. ఇంటికి వెళ్లి తలుపు వేసికొని మోకాళ్లూనితిని.

ఆదివారము ఆరాధనలో లేచి నిలిచి చెప్పితిని: “బండిని పరీక్ష చేయించక కొన్నవాడను నేనే. తరువాత దానిని మరియొకనికి అంటగట్టుటకు మనస్సు పెట్టినవాడను కూడ నేనే.” చెప్పుచుండగా నా కాళ్లు వణకెను. కొందరు కోపపడిరి. ఒక కుటుంబమువారు రెండు వారములు గుడికి రాలేదు. అది వారి హక్కని తలంచి వారి యింటికి నేనే వెళ్లితిని. నా జీతములో నెలకు కొంత చొప్పున చెల్లించుటకు ఒప్పుకొంటిని. జక్కయ్య ప్రభువును తన యింట చేర్చుకొన్న దినముననే తిరిగి చెల్లించెదనని చెప్పెను గాని, అందరును మరచిపోవువరకు కనిపెట్టలేదు (లూకా 19:8).

ఆ యువకునికి బండి స్థితియంతయు చెప్పి పంపివేసితిమి. తరువాత ఉస్తాద్ యొద్దకు వెళ్లి, డబ్బు మూడు వాయిదాలలో ఇచ్చెదమని అడిగితిమి. నేను సిగ్గు విడిచి, లప్పము పెట్టించి అమ్ముదమని తలంచిన సంగతి కూడ ఆయనకు చెప్పితిని. ఆయన నవ్వి, “మీవాళ్లు ఒకాయన మొన్న ఫోన్ చేసిండు, ఫాదర్ సాబ్. నేను చెయ్యనని చెప్పిన. లప్పం పెట్టడం నాకు రాదా? రేపు బ్రేకు వెయ్యంగ చాసిస్ ఇరిగితే ఆ పిలగాని రక్తం నా చేతుల మీద ఉంటది” అనెను. ద్వితీయోపదేశకాండము 22:8 తీసి చదువుడి. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెమీద పిట్టగోడ కట్టవలెను. దానిమీదనుండి ఎవడైన పడినయెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. ఆ ధర్మశాస్త్రమును ఈయన ఎన్నడైన చదివెనో లేదో నేను అడుగలేదు. దానిని చేయుచుండగా చూచితిని.

పని పదునెనిమిది దినములు పట్టెను. నేను నాలుగుసార్లు వెళ్లి కూర్చుంటిని. మొదట ఆయన క్రొత్తది ఏదియు పెట్టలేదు. పాతది తీసివేయుచునే యుండెను. తుప్పు ఎక్కడ ఆగి గట్టి ఇనుము దొరకునో అక్కడివరకు కోసెను. “ఇంకొంచెము తక్కువ కోయరాదా?” అని నేనడిగితిని. “కుళ్లిన ఇనుముకు వెల్డింగు పట్టదు, సాబ్” అనెను. గట్టి ఇనుము తేలిన తరువాతనే క్రొత్త పట్టీ అతికెను. తరువాత ఎర్ర ప్రైమరు పూసెను. రంగు చివరన వేసెను. అమ్మినవాడు రంగుతో మొదలుపెట్టెను, ఉస్తాద్ రంగుతో ముగించెను. మన మారుమనస్సు కూడ ఏ వరుసలో జరుగుచున్నదో పరీక్షించుకొందము. పండుగకు తెల్లబట్టలు, గుడిలో ముందు వరుస, పెద్ద గొంతుతో ప్రార్థన, ఇవన్నియు రంగే. రంగు చెడ్డది కాదు. గట్టు పంచాయితీలో అన్నతమ్ములతో మాటలు లేక యేండ్లు గడచినవానికి, తూకములో చేయి కలుపువానికి, అప్పు తీసికొని ఎగవేసినవానికి ముందుగా కావలసినది రంపము, రంగు కాదు.

యోవాషు రాజు దినములలో యెరూషలేము మందిరము శిథిలమైయుండెను. యాజకులు డబ్బు తీసికొనుచుండిరి గాని, రాజు ఏలుబడిలో 23వ సంవత్సరము వరకు పగుళ్లు బాగుచేయలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర ఉంచెను. ఆ డబ్బుతో వడ్లవారు, కాసెపనివారు, రాళ్లు చెక్కువారు పనిచేసిరి. వారు నమ్మకస్థులు గనుక వారియొద్ద లెక్క అడుగలేదని వ్రాయబడియున్నది. యాజకులు చేయని పనిని చేతిపనివారు నమ్మకముగా చేసిరి. నేను పాస్టరును. ఆ వచనము చదివినప్పుడు నాకు ఎట్లుండెనో మీరు ఊహించుకొనుడి.

బండి సిద్ధమైన తరువాత మరియొక సంగతి బయటపడెను. ఆర్‌సీ కాగితములో మాకు అమ్మినవాని పేరు లేదు. అతనికి ముందటి యజమాని పేరే యున్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టము, 50వ సెక్షను ప్రకారము బండి కొన్నవాడు 30 దినములలో రిజిస్టరింగు అధికారికి తెలియజేసి పేరు మార్పించుకొనవలెను. ఫారము 29, ఫారము 30 మీద రిజిస్టరులోనున్న యజమాని సంతకము కావలెను. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ అనువారి వ్యాజ్యెములో తీర్పు చెప్పెను. ఆ బండి చేతులు మారి మారి పోయినది గాని రిజిస్టరులో పేరు మారలేదు. ప్రమాదము జరిగినప్పుడు, రిజిస్టరులో ఎవని పేరున్నదో అతడే యజమాని, నష్టపరిహారపు భారము అతనిదే అని న్యాయమూర్తులు నిర్ణయించిరి.

మేము ఆ పాత యజమానిని వెదకి పట్టుకొంటిమి. అతడు బండి అమ్మి నాలుగేండ్లయినది. తన పేరు ఇంకను దానిమీద ఉన్నదని విని అతని ముఖము పాలిపోయెను. “ఇన్నాళ్లు ఎవరో నడిపిన బండికి నేను జవాబుదారినా?” అనుచు అక్కడికక్కడే సంతకములు చేసెను. పేరు ఎంత గట్టిగా అంటుకొనునో చూడుడి. 1980లలో వచ్చిన డీసీఎం టొయోటా కంపెనీ ఆ పేరుతో ఇప్పుడు లేదు. అయినను చిన్న లారీ ఏ కంపెనీదైనను మనము డీసీఎం అనియే పిలుచుచున్నాము. అట్లే మనలో కొందరు క్రీస్తు చేత విలువపెట్టి కొనబడినవారమని చెప్పుకొందురు గాని (1 కొరింథీయులకు 6:20), పాత యజమాని పేరు ఇంకను మార్పించుకొనలేదు. ఆదివారము ఈయన బండి, సోమవారము వాని బండి. కష్టము వచ్చిన దినమున, మరణము వచ్చిన దినమున అడుగబడునది ఎవరు నడిపిరని కాదు, గ్రంథములో పేరున్నదా అని (ప్రకటన 20:15). మాటతో జరిగిన బేరము చాలదు. నీ పేరు అక్కడ వ్రాయబడినదా?

చివరగా ఉస్తాద్ ఒక హెచ్చరిక చేసెను. బోరింగు చేసిన ఇంజినుకు మొదటి 1000 కిలోమీటర్లు పూర్తి బరువు వేయరాదు, పరుగెత్తించరాదు. క్రొత్త రింగులు బోరుతో కుదురుకొనవలెను. తరువాత నూనె మార్చవలెను. ఆ నూనెలో సన్నని ఇనుప రజను వచ్చును. సంఘ పెద్దలారా, నిన్న మొన్న మారుమనస్సు పొందినవాని నెత్తిమీద మనము ఎంత బరువు పెట్టుచున్నాము? ఈ నెల బాప్తిస్మము, వచ్చే నెల కోశాధికారి పని, ఆ పై నెల తగవు. వాడు బిగిసిపోయినప్పుడు, వాని మారుమనస్సు నిజమైనది కాదందుము. కుదురుకొనుటకు వానికి కొంత దూరము ఇయ్యుడి.

ఇప్పుడు బండి నడుచుచున్నది. ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండి గనుక ప్రతి సంవత్సరము ఫిట్‌నెస్ పరీక్షకు నిలువవలెను. మొదటి పరీక్షలో నిలిచినది. అది సామాను బండి గనుక వెనుక తట్టులో మనుష్యులను ఎక్కించము. పండుగ దినమున పిల్లలు ఎంత బ్రతిమాలినను ఎక్కించము. అప్పు ఇంకను కొంత మిగిలియున్నది. నా వాయిదాలు పూర్తి కాలేదు. అలిగిన కుటుంబమువారు తిరిగి వచ్చిరి గాని, వారిలో ఒకరు నాతో మునుపటివలె మాటలాడరు. అది నేను మోయవలసిన భారమే. అయినను తెల్లవారుజామున ఆ బండి చాంద్రాయణగుట్ట ఎత్తు ఎక్కునప్పుడు దాని వెనుక నీలిపొగ లేదు. దాని క్రింద ఏ తల్లి కొడుకు రక్తమును లేదు.

ప్రియులారా, వానకాలము రాకముందే మన గోడలను తట్టి చూచుకొందము. లప్పము ఎక్కడనున్నదో పరిశుద్ధాత్ముని వెలుగులో వెదకుదము. కోత బాధగానే యుండును. కాని మనలను కోయు చేతులు మేకులతో గ్రుచ్చబడిన చేతులు. మనలను పారవేయుటకు గాక, మరల నడిపించుటకే ఆయన కోయును.

ప్రార్థన: ప్రభువా, మా పై రూపమును మెచ్చుకొని మోసపోకుండ మమ్మును కాపాడుము. మాలో దాగిన తుప్పును గట్టి ఇనుము తేలువరకు కోసివేయుము. మేము నష్టపోయినప్పుడు మా నష్టమును పొరుగువానిమీదికి నెట్టకుండ మా చేతులను పట్టుకొనుము. నమ్మకముగా పనిచేయు ప్రతి చేతిపనివానిని ఆశీర్వదించుము. మా పేరులు నీ గ్రంథములో నిలుపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.